అప్పు తీరిస్తే ఆట ఆగుతుందా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ జూదం గురించి మీతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను. "జూదమా? మా ఇంట్లో ఆ గొడవ లేదండీ, మావారు వక్కపొడి కూడా వేసుకోరు" అంటూ మీలో కొందరు వంటింట్లోకి లేవబోతూ ఉంటారు. కాసేపు కూర్చోండి. మహిళా మండలి పనిమీద నేను తిరిగిన ఇళ్ళలో అచ్చంగా ఈ మాటే అన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఆ తర్వాత నా దగ్గరే కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తాగుడైతే వాసన వస్తుంది, నడక తడబడుతుంది, వీధిలో నలుగురికీ తెలుస్తుంది. జూదానికి వాసన లేదు. మనిషి ఇస్త్రీబట్టలు వేసుకుని వేళకు ఆఫీసుకు వెళతాడు, వేళకు ఇంటికి వస్తాడు, భోంచేస్తాడు, మంచంమీద పడుకుని అరచేతిలోని ఫోనులోనే ఆ నెల జీతం పోగొట్టుకుంటాడు. పక్కన పడుకున్న ఇల్లాలికి ఫోను వెలుతురు తప్ప ఇంకేమీ కనిపించదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది. భర్త ఒక కంపెనీలో లెక్కలు చూస్తాడు. నెమ్మదస్తుడు. పిల్లలకు లెక్కలు తనే చెప్పుకుంటాడు కూడాను. మొదట ఆదివారాలు స్నేహితులతో రమ్మీ. తర్వాత ఫోనులో రమ్మీ. ఆ తర్వాత క్రికెట్ మీద పందాలు. ఒకనాటి రాత్రి పిల్లలు పడుకున్నాక భార్య దగ్గర కూలబడి, మూడు లక్షలు అప్పు ఉందని బయటపెట్టాడు. ఏడ్చాడు. నిద్రపోతున్న పిల్లవాడి తలమీద చెయ్యివేసి ఒట్టుపెట్టాడు. ఆ అమ్మాయి ఏం చేస్తుంది? పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులూ, గొలుసూ తీసి ఇచ్చింది. అత్తగారికి తెలియనివ్వలేదు, పుట్టింట్లో చెప్పలేదు. నగలు లాకరులో పెట్టానని అందరితోనూ చెప్పి మట్టిగాజులు వేసుకుంది. ఆరు నెలలు తిరక్కుండా మళ్ళీ అప్పు. ఈసారి ఐదు లక్షలు.

"ఒట్టు వేసిననాడు ఆయన అబద్ధం ఆడలేదు పిన్నిగారూ. ఆయన మొహం నాకు తెలీదా?" అంది ఆ అమ్మాయి.

నేనూ అదే అంటాను. ఆ రాత్రి అతను నిజమే చెప్పాడు. మరైతే ఎందుకిలా జరిగింది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగిలినదంతా తెలిసినట్టే.

మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన కథే ఒకటి గుర్తు చేస్తాను. ధర్మరాజు జూదంలో రాజ్యం, తమ్ములు, తను, చివరకు ద్రౌపది అన్నీ ఓడిపోయాడని అందరం చెప్పుకుంటాం. ఆ తర్వాత జరిగినదాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చాడు. ఆమె భర్తలను దాస్యంనుంచి విడిపించుకుంది. పోయిన రాజ్యమూ సంపదా ముసలిరాజు తిరిగి ఇచ్చేశాడు. అంటే ఏమిటన్నమాట? అప్పు పైసాతో సహా తీరిపోయింది. పాండవులు రథాలెక్కి ఇంద్రప్రస్థానికి బయలుదేరారు. ఇంకా దారిలో ఉండగానే మళ్ళీ ఆడదాం రమ్మని కబురు వచ్చింది. ధర్మరాజు వెనక్కి తిరిగాడు! పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో వచ్చినవి. మొదటి ఆటలో కాదు. ధర్మరాజు దురాశాపరుడా? చెడ్డవాడా? ఆయనకంటే ధర్మం తెలిసినవాడు ఆ కథలోనే లేడు కదా. మంచి మనిషి అయినంతమాత్రాన ఈ ఊబిలో దిగకుండా ఉంటాడనీ, అప్పు తీర్చేస్తే ఒడ్డుకు వస్తాడనీ అనుకోవడానికి లేదు సుమండీ.

ఇప్పుడు కొంచెం శాస్త్రం మాట చెబుతాను, విసుక్కోకండి. బి.ఎఫ్. స్కిన్నర్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. పావురాలను పెట్టెలో పెట్టి, మీట పొడిస్తే గింజ పడేటట్టు అమర్చాడు. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరాక ఊరుకునేది. గింజ పడటం పూర్తిగా ఆపేస్తే కొంతసేపు పొడిచి మానేసేది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి మూడు పోట్లకు, ఒకసారి ముప్ఫై పోట్లకు పడేటట్టు చేస్తే మాత్రం ఆ పావురం ఆగకుండా పొడుస్తూనే ఉండేది. గింజలు ఆగిపోయిన తర్వాత కూడా చాలాసేపు వదిలేది కాదు. మనిషి మెదడుకూ ఇదే బలహీనత ఉంది. వస్తుందో రాదో తెలియని డబ్బుకోసం ఎదురుచూసే ఆ క్షణంలో మెదడులో డోపమిన్ అనే రసాయనం ఊరుతుంది. గెలుపుకంటే ఆ ఎదురుచూపే మత్తు. అందుకే చూడండి, గెలిచినవాడు కూడా లేచి ఇంటికి రాడు.

దీనికి తోడు "కొద్దిలో తప్పిపోయింది" అనేది ఒకటుంది. పేకాడేవాళ్ళ మాటలు వినే ఉంటారు. "ఒక్క ముక్క! ఆ ఒక్క ముక్క పడివుంటే షో కొట్టేవాణ్ణి." లెక్క ప్రకారం ఒక్క ముక్క తేడాతో పోయినా, పది ముక్కల తేడాతో పోయినా పోయింది పోయినట్టే. మనసు అలా లెక్క వేసుకోదు. కొద్దిలో తప్పిన ఓటమిని అది సగం గెలుపుగా జమ కడుతుంది. ఆ ఆటలు తయారుచేసేవాళ్ళకు ఈ కిటుకు మనకంటే బాగా తెలుసు.

అన్నిటికంటే పెద్ద వల ఇంకొకటి. మొదట్లో సరదాకోసమో, డబ్బుకోసమో ఆడినవాడు కొన్నాళ్ళయ్యాక పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవటంకోసం ఆడతాడు. పదివేలు పోయినవాడు లక్ష గెలవాలనుకోడు. ఆ పదివేలు వచ్చేస్తే చాలు, దణ్ణంపెట్టి మానేస్తానంటాడు. అది మనసారా అంటాడు. పదివేలకోసం ఇరవైవేలు పెడతాడు. అంటే అతన్ని పట్టుకు లాగేది అత్యాశ కాదు, పోయిన డబ్బు. పోయినది ఎంత పెద్దదైతే లాగుడు అంత బలం. మీరు గాజులిచ్చి బయట అప్పు తీర్చినంత మాత్రాన అతని మనసులో ఆ లెక్క కొట్టివేయబడదు. బయటివాడి అప్పు భార్య గాజులుగా మారింది, అంతే. "పాపం, నాకోసం గాజులు ఇచ్చింది. ఎలాగైనా సంపాదించి మళ్ళీ ఆమె చేతికి వేయాలి" అనుకుంటాడు. ఎలా సంపాదిస్తాడు? అతనికి తెలిసిన దగ్గరదారి ఒకటే. పైగా పాత బాకీ తీరింది గనుక స్నేహితుడు మళ్ళీ చేబదులు ఇస్తాడు, ఫోనులో అప్పులిచ్చేవాళ్ళు మళ్ళీ పరిమితి పెంచుతారు. మా వీధి అమ్మాయి తన గాజులతో భర్తకు కొత్త పరపతి కొనిపెట్టింది, తెలియక.

"ఎప్పుడో ఒకప్పుడు గెలవడా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. బియ్యం డబ్బాలో లెక్కలు చూసుకునే మనకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. నలుగురు సమానంగా ఆట వచ్చినవాళ్ళు తలా నూరు రూపాయలు వేసుకుని రమ్మీకి కూర్చున్నారనుకుందాం. మొత్తం 400. ఆడించేవాడు నూటికి పది చొప్పున తన కోత తీసుకుంటాడనుకోండి. ఆటకు 40 రూపాయలు. మిగిలిన 360 ఎవరో ఒకరు గెలుచుకుంటారు. మళ్ళీ తలా నూరు. ఇలా పది ఆటలు తిరిగేసరికి ఆడించేవాడి జేబులో 400 చేరుతుంది. అంటే ఆ నలుగురూ మొదట తెచ్చుకున్నంతా పోయింది! వాళ్ళలో ఒకడు "ఇవాళ నేను గెలిచాను" అని ఇంటికి మిఠాయి పొట్లంతో వస్తే, మిగతా ముగ్గురూ అంతకు మించి పోగొట్టుకున్నారన్నమాట. మట్కా సంగతీ అంతే. సున్నా నుంచి తొమ్మిది వరకు పది అంకెలు. ఒక అంకె తగిలితే రూపాయికి తొమ్మిది ఇస్తారు. పదిమంది పది అంకెలమీద తలా నూరు కాస్తే 1000 పోగవుతుంది, 900 చెల్లిస్తాడు, నూరు మిగుల్చుకుంటాడు. ఏ అంకె వచ్చినా వాడికి దిగులు లేదు. అందుకే మట్కా రాసేవాడు అంకెల గురించి కలలు కనడు. కలలన్నీ కాసేవాడివే.

మరొక భ్రమ: "ఇన్నిసార్లు పోయింది, ఇక రావాల్సిందే." 1913 ఆగస్టు 18న మాంటీకార్లో జూదశాలలో చక్రం తిప్పే ఆటలో నల్లరంగు వరసగా 26 సార్లు వచ్చింది. నల్లది వస్తున్నకొద్దీ జనం, ఇక ఎర్రది రాక తప్పదని ఎర్రదానిమీద మరింత కాసి నిండా మునిగారు. చక్రానికి కిందటిసారి ఏం వచ్చిందో జ్ఞాపకం ఉండదు కదా! మీ పిల్లలకు ఇది చెప్పాలంటే ఉపన్యాసం అక్కర్లేదు. సెలవురోజున ఒక రూపాయి బిళ్ళ ఇచ్చి నూరుసార్లు ఎగరేయించి, బొమ్మా బొరుసూ వరసగా కాగితంమీద రాయించండి. బొమ్మ ఐదారుసార్లు వరసగా పడటం వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు. కాలేజీకి పోయే కుర్రాడికి మనం చెప్పే నీతులకంటే ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

"రమ్మీ నేర్పుతో ఆడే ఆట, జూదం కాదని కోర్టే చెప్పింది" అని మగవాళ్ళు వాదిస్తారు. నిజమే, ఆ కేసు మన ఊరిదే. 1963లో సికింద్రాబాదులో ఒక క్లబ్బుమీద పోలీసులు దాడి చేస్తే వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. మూడుముక్కలాటలాగా రమ్మీ కేవలం అదృష్టంమీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవటం, ఏది పట్టాలో ఏది వదలాలో చూసుకోవటం ప్రధానమని ఆ తీర్పులో అన్నారు. అయితే ఆటమీద క్లబ్బువాళ్ళు లాభం తీసే పక్షంలో అది నేరం కావచ్చునని కూడా అన్నారు. ఆ సగం ఎవరూ చెప్పరు. తర్వాత ఫోనులు వచ్చి సంగతి మారిపోయింది. 1974 నాటి జూద చట్టాన్ని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ సవరించి డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. నేర్పా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెంగా పెట్టించే ఆన్‌లైన్ ఆటలు నడిపినా, వాటికి ప్రకటనలిచ్చినా, డబ్బు చేరవేసినా ఆ చట్టం కింద నేరం. మంచిదే. కానీ మద్యనిషేధం పెట్టిన ఊళ్ళో సారా ఎలా దొరికేదో మనం ఎరగనిదా? చట్టం వీధి తలుపు మూస్తుంది. దొడ్డితలుపు మనమే చూసుకోవాలి.

వైద్యుల మాట వేరు. 1980లోనే అమెరికా మానసిక వైద్యులు మానలేని జూదాన్ని జబ్బుల పట్టికలో చేర్చారు. 2013లో దాన్ని తాగుడు, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన కూర్చోబెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనూ అది జబ్బే. జబ్బు అన్నాం గదా అని ఆ మనిషి చేసినదానికి పూచీ లేదని కాదు. మధుమేహం వచ్చినవాడు తీపి మానుకోవలసింది తనే కదా. కాకపోతే తిట్టినందువల్ల మధుమేహం తగ్గదు. సందర్భం వచ్చింది గనుక చెబుతున్నాను: వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు, వాడే మందుల్లో కొన్నింటివల్ల ఎన్నడూ ముక్క ముట్టని పెద్దవాళ్ళకు కూడా ఉన్నట్టుండి జూదపు యావ పుట్టటం కద్దు. మీ ఇంట్లో మామగారికో తండ్రిగారికో అలా జరిగితే, ముసలితనంలో బుద్ధి చెడిందని ఆడిపోసుకోకండి. మందు మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుగారికి వెంటనే చెప్పండి.

ఇక ఇంట్లో ముందుగా ఎలా కనిపెట్టటం? ఇల్లాలి కంటికి కనిపించేవి వేరుగా ఉంటాయి. జీతం వచ్చిన మూడోరోజున పాలవాడికి ఇవ్వటానికి చిల్లర లేదంటారు. బ్యాంకునుంచి వచ్చే సమాచారాలు ఫోనులో ఉండవు, తుడిచేసి ఉంటాయి. ఇదివరకు టీవీ బల్లమీద పడివుండే ఫోను స్నానాలగదిలోకి కూడా వెళుతుంది. క్రికెట్ అంటే ఇష్టమున్న మనిషి మ్యాచ్ చూసి ఆనందించటం మానేసి, ఎవరో తెలియని రెండు దేశాల ఆటకు కూడా చెమటలు పట్టించుకుంటాడు. ప్రావిడెంట్ ఫండు మీద అప్పు, బీమా పాలసీ మీద అప్పు, మీ తమ్ముడి దగ్గర మీకు తెలియకుండా చేబదులు. ఖాతా పుస్తకం తెప్పించి చూస్తే నూరు, రెండువందలు, ఐదువందలు ఒకే రాత్రి పదిహేను ఇరవైసార్లు పోయి ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి కనబడగానే కంగారుపడవద్దు. రెండు మూడు కలిసివస్తే మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోవద్దు.

అప్పుడేం చేయాలి? మన పురాణంలోనే ఇంకొక ఇల్లాలు ఉంది, దమయంతి. నలమహారాజు పుష్కరుడితో జూదానికి కూర్చుని ఒక్కొక్కటే పోగొట్టుకుంటుంటే ఆమె మొదట చెప్పిచూసింది. మంత్రులచేత, పురజనులచేత చెప్పించింది. వినే స్థితి దాటిపోయిందని గ్రహించాక సారథిని పిలిచి, పిల్లలిద్దరినీ రథమెక్కించి కుండినపురానికి తన పుట్టింటికి పంపేసింది. భర్తను మాత్రం వదల్లేదు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ వరసే. మొదట చెప్పటం, తర్వాత నలుగురికీ తెలియజేయటం, కాపాడవలసినదాన్ని ముందు ఆటకు అందకుండా చేయటం.

మనకు కుండినపురమంటే ఏమిటి? మీ పేర విడిగా ఒక ఖాతా. జీతంలో ఇంటి అద్దె, స్కూలు ఫీజులు, సరుకుల డబ్బు రాగానే అందులోకి వచ్చే ఏర్పాటు. ఇంటి కాగితాలు, పాలసీలు, నగలు మీ ఒక్కరి పేరనే ఉన్న లాకరులో. మీ నగలు మీవే సుమా! 1956 హిందూ వారసత్వ చట్టంలో స్త్రీ ఆస్తిమీద ఆమెకే సంపూర్ణ హక్కు అని ఉంది. స్త్రీధనం భర్త దగ్గర ఉన్నా అది భార్యదేనని 1985లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీకు తెలియకుండా దాన్ని అమ్మేయటం 2005 గృహహింస చట్టంలో ఆర్థిక వేధింపు కిందికి వస్తుంది. ఇవన్నీ భర్తమీద కేసులు వేయమని చెప్పటం లేదు. "నీ నగలు ఇవ్వకపోతే నువ్వేం భార్యవి?" అన్నప్పుడు తలవంచుకోనక్కర్లేదని చెబుతున్నాను.

సంతకాల దగ్గర మరీ జాగ్రత్త. పందెంలో గెలిచిన డబ్బు ఇప్పించమని ఎవడూ కోర్టుకు పోవడానికి వీల్లేదు. 1872 నాటి ఒప్పందాల చట్టంలో 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. అందుకనే ఆ బాకీలను నోటు రాయించుకుని మామూలు అప్పుగా మార్చటానికి చూస్తారు. హామీదారుగా మీ సంతకం అడుగుతారు. పెట్టకండి. వంటచేస్తున్నప్పుడు కాగితం తెచ్చి "ఊరికే ఇక్కడ ఒక గీత గీయి" అంటే పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదవండి.

"అయితే అప్పులవాళ్ళు గుమ్మంలోకి వచ్చి కూర్చుంటే చూస్తూ ఊరుకోమంటారా?" అని మీరు అడుగుతారు. ఊరుకోమనను. అప్పు తీర్చవద్దని కాదు నేను చెప్పేది. రహస్యంగా, ఒక్కసారిగా, ఆయన చేతికి డబ్బిచ్చి తీర్చవద్దని. ఆ అప్పు చేసినవాడి జీతంలోనుంచే, నెలనెలా, అతనికి తెలిసేలా, నేరుగా అప్పిచ్చినవాడి ఖాతాకే పోవాలి. నాలుగేళ్ళు పట్టనివ్వండి. నెలకు ఇంత అని కట్టుకుంటూ ఉంటే ఆ బరువు భుజంమీద తెలుస్తూ ఉంటుంది. ఫోనులో అప్పులిచ్చి బూతులు తిడుతూ, ఫోటోలు పంపిస్తామని బెదిరించేవాళ్ళుంటారు. వాళ్ళకు భయపడి ఇంకో చోట అప్పు చేయకుండా 1930కి ఫోనుచేసి సైబర్ పోలీసులకు చెప్పండి.

ఇక్కడ ఒక మాట నెమ్మదిగా చెప్పాలి. అప్పు బయటపడిన రాత్రి చాలా ప్రమాదకరమైనది. పరువు పోయిందనీ, నేను లేకపోతే వీళ్ళు సుఖంగా ఉంటారనీ తోచే ఘడియ అది. మనకు వచ్చే కోపం న్యాయమైనదే. అయినా ఆ రాత్రికి లెక్కలు అడగకండి. "నేను ఉండి ఏం లాభం" లాంటి మాట వస్తే దాన్ని నాటకమని కొట్టిపారేయకండి. నేరుగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం. మనిషిని ఒంటరిగా వదలకండి, అన్ననో, స్నేహితుడినో పిలిపించండి. 14416 అని ప్రభుత్వంవారి టెలిమానస్ నంబరు ఉంది, 2022లో మొదలుపెట్టారు. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. భర్తకు బాగా లేదని భార్య కూడా చేయవచ్చు. చెయ్యెత్తి కొట్టే పరిస్థితి ఉంటే అది వేరే సంగతి. పిల్లల్ని తీసుకుని బయటపడండి, స్త్రీల సహాయానికి 181 ఉంది. వైద్యం కావాలంటే హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వ్యసనాలకోసం 2014లోనే ప్రత్యేకంగా ఒక క్లినిక్ తెరిచారు. ఎర్రగడ్డ అనగానే మనవాళ్ళు నవ్వులాటగా మాట్లాడతారు. పంటినొప్పికి పంటి డాక్టరు దగ్గరకు పోతే ఎవరైనా నవ్వుతారా?

మగవాళ్ళనే అనటం కూడా న్యాయం కాదు. మధ్యాహ్నాలు మన ఆడవాళ్ళ చేతుల్లోనూ ఫోనులున్నాయి. కిట్టీపార్టీలో పదిరూపాయల తంబోలాకు నేను అభ్యంతరం చెప్పను. మా అమ్మమ్మ గవ్వలాటలో చింతగింజలు ఒడ్డి, ఓడిపోతే పోట్లాడేది కూడా! చీటీలు కూడా జూదం కాదు, రిజిస్టరైన చీటీ పొదుపే. కానీ సరుకుల డబ్బులోంచి తీసి ఆడి, ఆయనకు చెప్పలేక మళ్ళీ ఆడుతున్న సోదరి ఈ ప్రసంగం వింటూ ఉంటే, పైన భర్త గురించి చెప్పిందంతా తన గురించి కూడా అనుకోవాలి. ఆమె సిగ్గు ఇంకా ఎక్కువ, అందుచేత ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

పండుగల మాట ఒకటి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలంటే సంప్రదాయమంటారు. పందెం బరి పక్కన గుండాట బల్లలు, పేకాట డేరాలు కూడా సంప్రదాయమేనా? అల్లుడికి కొత్తబట్టలు పెట్టి, బావమరుదులు కూడా తీసుకుపోయి బరిలో కూర్చోబెడతారు. పదేళ్ళ పిల్లవాడి చేతిలో ఐదువందల కాగితం పెట్టి "కాయరా" అని ముచ్చటపడే తాతగారిని నేను స్వయంగా చూశాను. ఆ పిల్లవాడు ఆరోజు గెలిచాడు. ఓడిపోయి ఉంటే బాగుండేదని నాకనిపించింది. మొదటి గెలుపు తీపి చాలాకాలం నాలుకమీద ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో దీపావళి రాత్రి పేకాట, కాలనీ సంఘంవాళ్ళు క్రికెట్ సీజనులో వేసే పందాలు, వీటి దగ్గర మనం నోరు విప్పి "పిల్లల ముందు డబ్బు వద్దండీ" అనగలిగితే అదే చాలా పెద్దపని. నలుగురు ఆడవాళ్ళు కలిసి చెబితే సంఘం కార్యదర్శి వింటాడు. ఒక్కరం చెబితే మనల్ని చాదస్తం అంటారు.

మా వీధి అమ్మాయి సంగతి చెప్పకుండా వదిలేశాను. రెండోసారి ఐదు లక్షలనగానే ఆమె తన తల్లిగారిచ్చిన స్థలం అమ్మేద్దామని నా దగ్గరకు సలహాకు వచ్చింది. అమ్మలేదు. ఆదివారం పొద్దున్న మామగారిని, ఆడపడుచు భర్తను, తన అన్నగారిని పిలిచి భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. అతనిచేతనే ఒక తెల్లకాగితంమీద ఎవరెవరికి ఎంతో రాయించింది. మొదట ఆరు పేర్లు రాశాడు. "ఇంకా" అంది. పదకొండు అయ్యాయి. మామగారు ఆ కాగితం చూసి లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపటికి తిరిగి వచ్చి, "సరే, జీతం కోడలి ఖాతాలో వేయించు" అన్నారు కొడుకుతో. ఆ తర్వాత అతను మరొకసారి జారాడు, నాలుగువేలకు. ఆ రాత్రే వచ్చి తనే చెప్పాడు. డాక్టరు దగ్గరకు పదిహేను రోజులకొకసారి ఇద్దరూ కలిసి వెళుతున్నారు. కాగితంమీద పదకొండు పేర్లలో ఏడు కొట్టేశారు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. ఆ అమ్మాయి చేతికి ఇంకా మట్టిగాజులే.